చూపు దూరం, ఆగే దూరం: పాత కారు హెడ్‌లైట్ల శాస్త్రం

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి నార్కట్‌పల్లి దాటాక కట్టంగూర్ మీదుగా నకిరేకల్ వైపు సాగుతుంది. పాతతరం వారికి ఇది ఇప్పటికీ 9వ నంబరు రోడ్డే. నాలుగు వరుసలు అయ్యాక ఈ దారిలో పగటిపూట వాహనాల వేగం బాగా పెరిగింది. చిక్కంతా రాత్రి పూటే. ఊరు దాటగానే వీధి దీపాలు అయిపోతాయి. వానకాలం కోతల రోజుల్లో వడ్ల లోడుతో కొనుగోలు కేంద్రానికి బయలుదేరిన ట్రాక్టరు ట్రాలీకి వెనుక ఎర్రదీపం ఉంటుందన్న నమ్మకం లేదు. మేత నుంచి ఆలస్యంగా మళ్లిన గేదె నల్లటి తారు రోడ్డు మీద నల్లగానే నిలబడి ఉంటుంది.

ఇలాంటి దారిలో ముప్పై, నలభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారును రాత్రిపూట నడపాలంటే మొదట ఇబ్బంది పెట్టేవి హెడ్‌లైట్లే. ఇంజిన్ విప్పి కొత్తగా బిగించుకున్నవారు, రంగు వేయించుకున్నవారు కూడా ముందు దీపాలు మాత్రం లాంతరులా వెలుగుతున్నాయని వాపోతుంటారు. వెంటనే బజారుకు వెళ్లి తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పాత హోల్డర్‌లో పెట్టేస్తారు. బండి ముందు పది మీటర్లు పట్టపగలులా కనిపిస్తుంది. పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ బల్బు మార్పు వరుసలో చివర రావలసిన పని. దానికంటే ముందు వైరు, డూమ్ (దీపం లోపలి అద్దపు గిన్నె), గురి అనే మూడింటిని సరిచేయాలి. ఆ వరుస ఎందుకో తెలియాలంటే హెడ్‌లైటు చేయవలసిన పనేమిటో ముందు లెక్క కట్టాలి.

ఎంత దూరం కనిపించాలి?

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు. అడ్డుగా ఉన్నదాన్ని కన్ను గుర్తించి, కాలు బ్రేకు మీదికి చేరేలోపు ఒకటిన్నర సెకను గడుస్తుందనుకుంటే, బ్రేకు పడకముందే కారు 33 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే బ్రేకు పడ్డాక ఇంకో 41 మీటర్లు పోతుంది. మొత్తం దాదాపు 75 మీటర్లు. ఇదే లెక్కన 60 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరం 48 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగంలో 106 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. అందుకే వేగం కొంచెం పెంచినా అవసరమైన చూపు దూరం చాలా పెరుగుతుంది.

వెలుగు నడిచే తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దూరం రెట్టింపైతే వస్తువు మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. దీన్నే విలోమ వర్గ నియమం అంటారు. 50 మీటర్ల దగ్గర చక్కగా కనిపించిన గేదె 100 మీటర్ల దగ్గర అంతే చక్కగా కనిపించాలంటే ఆ దిశలో నాలుగు రెట్ల వెలుగు పంపాలి. పైగా మనం వస్తువును గుర్తించేది దాని మీద పడిన వెలుగును బట్టి మాత్రమే కాదు, దానికీ వెనుక నేపథ్యానికీ ఉన్న తేడాను బట్టి. తెల్ల ధోవతి కట్టిన మనిషి ఆనిన దూరంలో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి ఆనడు. ట్రాలీ వెనుక అంటించిన రిఫ్లెక్టర్ స్టిక్కరు మామూలు దీపానికి కూడా చాలా దూరం నుంచి మెరుస్తుంది. తన మీద పడ్డ కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టకుండా, వచ్చిన దారినే వెనక్కి పంపే నిర్మాణం దానిది.

అంటే హెడ్‌లైటు బలాన్ని బండి ముందు పది మీటర్ల మెరుపుతో కొలవకూడదు. దగ్గరి రోడ్డు మరీ మెరిస్తే కంటిపాప కుంచించుకుపోయి దూరపు చీకటి ఇంకా చిక్కబడుతుంది. కొత్త బల్బు వేసినవారికి కలిగే తృప్తిలో చాలా భాగం ఈ భ్రమే.

గాజుబుడ్డి లోపల

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూడవచ్చు. అది తయారైన కాలంలో చాలా కార్లకు కార్బైడ్ దీపాలే దిక్కు. కాల్షియం కార్బైడ్ మీద నీటి చుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువును మండించేవారు. కరెంటు దీపాలు వచ్చాక అమెరికాలో 1940 నుంచి బల్బు, అద్దం, గాజు మూడూ ఒకే ముద్దగా మూసేసిన సీల్డ్ బీమ్ దీపం ప్రమాణమైంది. దాని వ్యాసం 7 అంగుళాలు. ఆ గుండ్రటి కొలత ప్రపంచమంతా పాకింది. మన అంబాసిడర్‌కు, జీపుకు, మారుతి జిప్సీకి, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి, 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5కు కూడా అదే కొలత. అందుకే పాత స్పోర్ట్స్ కారు యజమానికి కావలసిన డూమ్ హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికే అవకాశం ఉంటుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. సీల్డ్ బీమ్ తీసి విడి బల్బు పట్టే డూమ్ పెడితే వెనుకవైపు బల్బు తోక పొడవు పెరుగుతుంది. బానెట్‌లోంచి పైకి లేచే దీపాలున్న కార్లలో ఆ తోక తగిలే చోటుందేమో ముందే చూసుకోవాలి.

మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ కాగి తెల్లగా వెలిగేటప్పుడు దాని పరమాణువులు కొద్దికొద్దిగా ఆవిరై చల్లటి గాజు మీద నల్లగా పేరుకుంటాయి. తీగ సన్నబడుతుంది, గాజు మసకబారుతుంది. హాలోజన్ బల్బులో అయొడిన్ లేదా బ్రోమిన్ కలిసిన వాయువు ఉంటుంది. ఆవిరైన టంగ్‌స్టన్ గాజు దగ్గర ఆ మూలకంతో కలుస్తుంది, తిరిగి తీగ దగ్గరి వేడికి విడిపోయి అక్కడే దిగుతుంది. ఈ చక్రం సాగాలంటే గాజు కూడా బాగా వేడెక్కి ఉండాలి. కాబట్టి చిన్న క్వార్ట్జ్ బుడ్డి వాడతారు. కొత్త బల్బును చేత్తో ముట్టుకోవద్దని మెకానిక్ చెప్పేది ఇందుకే. వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై క్వార్ట్జ్ పగలవచ్చు. యూరప్‌లో 1962లో హెచ్1 అనే హాలోజన్ బల్బు కార్లకెక్కింది. డిమ్, హైబీమ్ రెండు తీగలూ ఒకే బుడ్డిలో ఉన్న హెచ్4 1971లో వచ్చింది. 60/55 వాట్ల హెచ్4 నుంచి 13.2 వోల్టుల వద్ద డిమ్‌లో సుమారు 1000, హైబీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్ల కాంతి రావాలి.

వైరులో పోయే వెలుగు

ఆ 13.2 వోల్టులు పాత కారులో బల్బు దాకా చేరడం అరుదు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంగా మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు కూడా పదో వంతే తగ్గుతుందనుకుంటాం. కానీ తగ్గేది 30 శాతం. 13.2కు బదులు 11.9 వోల్టులు అందిన హెచ్4 బల్బు 1000 ల్యూమెన్లకు 700 మాత్రమే ఇస్తుంది. ఎక్కువ వోల్టేజీ కూడా మంచిది కాదు. అయిదు శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

వోల్టేజీ ఎక్కడ పోతుంది? పాత బండిలో బ్యాటరీ కరెంటు మొదట డాష్‌బోర్డు స్విచ్‌కు వెళ్లి, అక్కడి నుంచి డిప్పర్ స్విచ్, ఫ్యూజు, కప్లర్ల మీదుగా బల్బును చేరి, బాడీ ఎర్త్ ద్వారా తిరిగి వస్తుంది. హైబీమ్‌లో రెండు బల్బులూ కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి వైరు 5 మీటర్ల పొడవుంటే దాని నిరోధం 0.086 ఓములు. అందులోనే 0.86 వోల్టు పోతుంది. దానికి తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, మాడిన స్విచ్ కాంటాక్టులు తోడైతే నష్టం వోల్టున్నర దాటడం వింత కాదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మల్టీమీటరు రెండు కొనలనూ బ్యాటరీ మీద పెట్టి చూడాలి. తర్వాత బల్బు వెనుక హోల్డరు కాళ్ల దగ్గర చూడాలి. రెండు అంకెల తేడాయే దారిలో పోయిన వెలుగు. మీటరు ఎర్ర కొనను బ్యాటరీ ప్లస్ మీద, నల్ల కొనను హోల్డరు ప్లస్ కాలు మీద పెడితే వైరు వైపు నష్టం, రెండు కొనలనూ హోల్డరు ఎర్త్ కాలుకూ బ్యాటరీ మైనస్‌కూ పెడితే ఎర్త్ వైపు నష్టం విడివిడిగా తెలుస్తాయి.

మందు రిలే. డిమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరును నేరుగా దీపాల దగ్గరికి తీసుకుపోతారు. పాత స్విచ్ ఇక రిలేను కదిలించే పిసరంత కరెంటునే మోస్తుంది. వైరు నిరోధం సగానికి పైగా తగ్గుతుంది, దూరం కూడా తగ్గుతుంది. బల్బు మార్చకుండానే పోయిన వెలుగు చాలావరకు తిరిగి వస్తుంది. దీనికి బదులు 100/90 వాట్ల బల్బు వేయించుకునేవారున్నారు. అవి రెండూ కలిసి 16 ఆంపియర్లకు మించి లాగుతాయి. పాత వైరులో నష్టం ఇంకా పెరుగుతుంది. హోల్డరు కరుగుతుంది, డూమ్ పూత మాడుతుంది, ఒక్కోసారి స్విచ్ కాలుతుంది.

బ్రిటిష్ కార్ల యజమానులు ఇంకో సంగతి చూసుకోవాలి. 1960ల నడిమి దాకా వచ్చిన వాటిలో చాలావాటికి బ్యాటరీ ప్లస్‌ను బాడీకి ఎర్త్ చేసేవారు. తీగ బల్బుకు దిక్కుతో పని లేదు. ఎల్‌ఈడీ దీపంలోని సర్క్యూట్ మాత్రం ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు, పాడైపోవచ్చు కూడా.

డూమ్ జ్యామితి

పదో తరగతి పుస్తకంలో చదివిన పరావలయాకార దర్పణమే డూమ్. నాభి దగ్గర పెట్టిన వెలుగు దర్పణం మీద పడి సమాంతర కిరణాలుగా ముందుకు పోతుంది. హెచ్4 బుడ్డిని చేతిలో పట్టుకుని దగ్గరగా చూస్తే లోపల అయిదారు మిల్లీమీటర్ల పొడవున్న రెండు తీగ చుట్టలు కనిపిస్తాయి. వెనుకది డూమ్ నాభి దగ్గర కూర్చుంటుంది. అది హైబీమ్. ముందున్న డిమ్ తీగ నాభికి కాస్త ముందుకు జరిగి ఉంటుంది. దాని కింద చిన్న లోహపు దోనె ఉంటుంది. ఆ దోనె డిమ్ తీగ వెలుగును డూమ్ కింది సగం మీద పడనివ్వదు. పైసగం మీద పడిన వెలుగు మాత్రం కిందికి వంగి రోడ్డు మీదికి దిగుతుంది. దోనె అంచు నీడే గోడ మీద కనిపించే గీత. దానికి పైన చీకటి, కింద వెలుగు. దోనె ఒక అంచు 15 డిగ్రీలు వాలి ఉండడం వల్ల ఆ గీత రోడ్డు వారగా కొంచెం పైకి లేస్తుంది. మనకు ఎడమవైపు. బాటసారులు, సైకిళ్లు, మైలురాళ్లు ఆ మేరకు దూరం నుంచే కనిపిస్తాయి.

విదేశాల నుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ కార్లలో ఇక్కడే పెద్ద పొరపాటు దాగి ఉంటుంది. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన డూమ్ గీతను కుడివైపు లేపుతుంది. కట్టంగూర్ రోడ్డు మీద కుడివైపంటే ఎదురుగా వచ్చే వాహనం. బల్బు ఎంత మంచిదైనా ఆ డూమ్ మన రోడ్డుకు పనికిరాదు, మార్చాల్సిందే.

డూమ్ లోపలి అల్యూమినియం పూత తేమకు మచ్చలు పడితే వెలుగు తగ్గడమే కాదు, చెదురుతుంది. పూత మీద గుడ్డ పెట్టి రుద్దితే ఉన్నది కూడా పోతుంది. ముందు గాజు మీద ఉండే చారలు అలంకారం కోసం కాదు. కిరణాలను అడ్డంగా పరచి రోడ్డు వెడల్పంతా పంచేవి అవే. కాబట్టి పూత పోయిన డూమ్‌ను మార్చాలి. పాత గాజు బాగుంటే కడిగి వాడుకోవాలి.

ఎల్‌ఈడీ బల్బుతో వచ్చే చిక్కు

ఎల్‌ఈడీ మీద శాస్త్రానికి ఏ అభ్యంతరమూ లేదు. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. తక్కువ వాట్లలో ఎక్కువ వెలుగు, ఎక్కువ ఆయుష్షు దాని గుణాలు. చిక్కంతా హాలోజన్ కోసం కొలిచి చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బును దూర్చడంలో ఉంది.

తీగ చుట్ట నలుదిక్కులా వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బులో పలక రెండు పక్కలా చిప్పులు అంటించి ఉంటాయి. అవి తీగ ఉన్న చోటే, తీగంత మేరలోనే కూర్చోవడం కష్టం. నాభ్యంతరం 30 మిల్లీమీటర్లున్న డూమ్ అనుకుందాం. కాంతి మూలం ఒక్క మిల్లీమీటరు పైకో కిందికో జరిగితే కిరణం దాదాపు 2 డిగ్రీలు తిరుగుతుంది. 50 మీటర్ల దూరంలో అది దాదాపు ఒకటిమ్ముప్పావు మీటరు తేడా. రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదుటి డ్రైవరు కళ్లలోకి పోవడానికి అంత చాలు. డిమ్‌ను కిందికి దించే వాలు అర డిగ్రీకి కాస్త ఎక్కువ మాత్రమే. 2 డిగ్రీల తప్పు ముందు అది ఏ మూలకు?

వేడి సంగతి కూడా అలాంటిదే. హాలోజన్ తన వేడిని చాలావరకు పరారుణ కిరణాలుగా ముందుకు పంపేస్తుంది. ఎల్‌ఈడీ చిప్పు వేడి వెనుకనున్న లోహపు రెక్కల ద్వారా పోవాలి. మూసి ఉన్న పాత హెడ్‌లైటు గిన్నెలో గాలి ఆడక చిప్పు వేడెక్కి వెలుగు తగ్గిపోతుంది. షాపులో చూసిన మెరుపు అరగంట ప్రయాణం తర్వాత ఉండదు.

కాబట్టి ఎల్‌ఈడీయే కావాలంటే చిప్పు, దర్పణం, గాజు కలిపి ఒకే యూనిట్‌గా డిజైన్ చేసిన 7 అంగుళాల దీపం తీసుకోవాలి. అది ఎడమవైపు నడిచే దేశాల కోసం చేసినదై, ప్రమాణాల ఆమోద ముద్ర గాజు మీద ఉన్నదై ఉండాలి. గ్జెనాన్ హెచ్‌ఐడి కిట్లకూ ఇదే సూత్రం. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో ఆ దీపాలు వచ్చినప్పుడు వాటికి తగిన దర్పణాలతోనే వచ్చాయి. హాలోజన్ డూమ్‌లో పెట్టుకునే కిట్‌లో ఆ దర్పణం ఉండదు.

ఎదుటివారి కన్ను

చీకట్లో మన చూపును మోసేవి రెటీనాలోని దండ కణాలు. వాటిలోని రొడాప్సిన్ తీవ్రమైన వెలుగుకు విడిపోతుంది, మళ్లీ కూడుకోవడానికి సమయం తీసుకుంటుంది. పూర్తి చీకటికి కన్ను అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. హెడ్‌లైటు మెరుపు తగిలిన కన్ను తేరుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 66 మీటర్ల పైచిలుకు గుడ్డిగా పోవడమే. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం మసకబారి వెలుగును లోపలే చెదరగొడుతుంది కాబట్టి పెద్దవారికి బాధ ఎక్కువ. నీలం పాలు ఎక్కువున్న తెల్ల వెలుగు కంటికి మరింత గుచ్చుకుంటుంది. మంచులో పసుపు దీపం బాగా పనిచేస్తుందన్న నమ్మకానికి మాత్రం పెద్ద ఆధారం లేదు. మంచు బిందువులు కాంతి తరంగాలకంటే ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అక్కడ పనికొచ్చేది కిందికి దించిన డిమ్ వెలుగే.

నాలుగు వరుసల రోడ్డుకు నడుమ డివైడర్ మీద గన్నేరు వంటి పొదలను పెంచడంలో ఒక ఉద్దేశం ఎదుటి దీపాల మెరుపును అడ్డుకోవడమే. యూటర్న్ కోసం వదిలిన సందుల దగ్గర, మొక్కలు ఎండిన చోట, ఊళ్లలోకి తిరిగే సింగిల్ రోడ్డు మీద ఆ రక్షణ ఉండదు. అక్కడ డిప్పర్ కొట్టే అలవాటు, సరైన గురి మాత్రమే రక్షణ.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ఈ గురినే కొలతల్లో చెబుతుంది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషికి మెరుపు కొట్టకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. వైరింగ్ బాగుచేసి, అదే కొలత డూమ్ పెట్టి, అదే వాట్ల బల్బు వేసేవారికి ఆ సెక్షన్‌తో పేచీ రాదు.

గోడ ముందు గురి

మిగిలింది గురి. ఈ పని ఖర్చు లేనిది. చదునైన నేల, ఎదురుగా సాఫీగా ఉన్న గోడ చాలు. రైస్ మిల్లు ప్రహరీ అయినా సరే. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, ట్యాంకులో మామూలుగా ఉండేంత పెట్రోలు పోసి, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలపాలి. హెడ్‌లైటు నడిమి ఎత్తును నేల నుంచి కొలిచి గోడ మీద గీత గీయాలి. దానికి 10 సెంటీమీటర్ల కింద రెండో గీత. డిమ్ వేసి, వెలుగు పై అంచు రెండో గీత మీద కూర్చునేదాకా డూమ్ పక్కనున్న స్క్రూలు తిప్పాలి. ఎడమవైపు అంచు వారగా పైకి లేవాలి. ఒక దీపం గురి పెట్టేటప్పుడు రెండోదాన్ని గుడ్డతో కప్పాలి. డిక్కీలో బరువు పెడితే ముక్కు లేచి గీత కూడా లేస్తుంది కాబట్టి దూరప్రయాణానికి ముందు మళ్లీ చూసుకోవాలి.

ఈ 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలుతోనే మొదటి లెక్క ముగుస్తుంది. దీపం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, నూటికి ఒకటి వాలిన వెలుగు 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. రిలే పెట్టినా, ఎల్‌ఈడీ యూనిట్ తెచ్చినా డిమ్ అంచు అంతకు మించి పోకూడదు, పోతే అది ఎదుటివారి కళ్లలోకే. 65 మీటర్లలో ఆగగలిగే వేగం గంటకు 73 కిలోమీటర్లు. పాత డ్రమ్ము బ్రేకులతో ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పునే తగ్గితే అది 69. ఎదురుగా బండ్లు లేనప్పుడు హైబీమ్ వేసుకుని కాస్త వేగంగా పోవచ్చు. డిమ్‌లో ఉన్నంతసేపు మాత్రం స్పీడోమీటరు ముల్లు 70 దగ్గరే ఉండాలి. హెడ్‌లైట్లకు చేసిన మరమ్మతు అంతా ఆ 70ని నమ్మకంగా నడపడానికే.